ఒత్తి దగ్గరే అసలు తప్పు

సంపాదకులకు,

ఇంట్లో కొవ్వొత్తుల తయారీ నేర్చుకునేవారు మైనం గిన్నెను నేరుగా పొయ్యి మీద పెట్టొద్దు. వేడినీళ్ల గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించాలి. పొరపాటున అంటుకుంటే నీళ్లు పోయకూడదు, మంట ఎగజిమ్ముతుంది. స్టవ్ ఆపి మూత పెట్టాలి.

కిలో పారఫిన్ మైనానికి 100 గ్రాముల స్టియరిక్ ఆమ్లం (కొవ్వుల నుంచి తీసే, మైనం లాంటి తెల్లటి పదార్థం) కలిపితే కొవ్వొత్తి గట్టిగా వస్తుంది, అచ్చు నుంచి తేలిగ్గా ఊడుతుంది. చల్లారేకొద్దీ మైనం కుంచించుకుని ఒత్తి చుట్టూ గుంట పడుతుంది. పైన పొర కట్టగానే పుల్లతో పొడిచి, మిగిల్చిన మైనం మళ్లీ పోయాలి.

ఒత్తి సన్నదైతే కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది. లావైతే పొగ, మసి. అచ్చు వెడల్పు మారితే ఒత్తీ మారాలి. శిక్షణ తరగతుల్లో రంగులు, సువాసనల కంటే ముందు ఒక్క కొవ్వొత్తి చేయించి, గంటసేపు వెలిగించి చూపించాలి.

- ఒక శిక్షకురాలు, గుంటూరు