వెనక లాన్‌లో కూతురి పెళ్ళి చేస్తున్న ఆ పెద్దాయనకి

తెల్లారిపోయింది. చెవుల వెనక రంగు ఇంకా వదల్లేదు, గొంతు లేదు, కాళ్ళు లాగేస్తున్నాయి. ఎలాగూ నిద్ర పట్టలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

నిన్న ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆయన తన విద్యార్థుల చేత 1880లో నాటకం ఆడించింది మా రాజమండ్రిలోనే. భమిడిపాటి కామేశ్వరరావు గారు బడిపంతులుగా ఉంటూ ఫ్రెంచి హాస్య నాటకకర్త మోలియర్‌ని తెలుగువాడిలా నవ్వించిందీ ఇక్కడే. అందుకే ఈ రోజున హాస్య నాటికలే వెయ్యాలని మా బృందం పట్టుబట్టింది. మొత్తం మూడు. మాలో ఎవరికీ ఇది వృత్తి కాదు. బ్యాంకు, బడి, మందుల షాపు, ఆ పనులయ్యాక రాత్రిళ్ళు రిహార్సల్స్. వచ్చి, చివరిదాకా కూర్చుని నవ్విన అందరికీ నమస్కారాలు.

అయితే ఈ పోస్టు ముఖ్యంగా ఒకాయన కోసం. ఆయన పేరు కూడా నాకు తెలియదు.

మొదటి నాటిక బాగా నడిచింది. రెండోది మొదలయ్యేసరికి ఆడిటోరియం వెనక లాన్‌లో పెళ్ళి రిసెప్షన్ డీజే మొదలైంది. గోడలు అదిరిపోయాయి. ఏడుపు సీనైతే మొహం చూసైనా జనం అర్థం చేసుకుంటారు. హాస్యంలో మాట వినపడకపోతే నవ్వు పుట్టదు, ఒక్క క్షణం అటూ ఇటూ అయినా పండదు. పైగా మాకు కాలర్ మైకులు లేవు, పైనుంచి వేలాడదీసినవే. వాటిలోకి మా డైలాగుల కన్నా డీజేనే ఎక్కువ వెళ్తోంది. వెనక వరసల్లోంచి కొందరు లేచిపోతున్నారు. మా వాళ్ళు స్టేజి మీద గొంతు చించుకుంటున్నారు. హాలు మేనేజర్‌ని అడిగితే "లాన్ బుకింగ్ వేరండి, మాకు సంబంధం లేదు" అన్నాడు.

తెర వేయించి, కాసేపు ఓపిక పట్టమని మైకులో చెప్పించి, లాన్‌లోకి పరిగెత్తాను. మూడో నాటికలో నాది ముసలమ్మ వేషం. ఆ విగ్గుతోనే వెళ్ళాను. పెళ్ళికూతురి తండ్రి ఎవరని అడిగితే వడ్డన దగ్గర నిలబడ్డ ఆయన్ని చూపించారు. చొక్కా చెమటకి తడిసి ముద్దయిపోయింది. ఆ పూట ఆయనకి ఎంత టెన్షన్ ఉంటుందో ఆడపిల్ల పెళ్ళి చేసినవాళ్ళకి తెలుసు. కసురుకుంటారనే అనుకున్నాను. ఆయన నా విగ్గు వంక, మొహం మీద గీసిన ముడతల వంక చూసి, "నాటకమా అమ్మా?" అన్నారు. వడ్డన ఎవరికో అప్పజెప్పి నేరుగా డీజే దగ్గరికి నడిచారు. కుర్రాళ్ళు గొడవ చేశారు. "భోజనాలు కానివ్వండర్రా, నాటకం అయ్యాక మీ ఇష్టం" అని దగ్గరుండి ఆపించారు. అప్పుడు నాతో, "మా నాన్న హరిశ్చంద్ర నాటకంలో నక్షత్రకుడి వేషం కట్టేవారమ్మా. మాట జనానికి వినపడలేదంటే ఆ రాత్రి అన్నం ముట్టేవారు కాదు. వెళ్ళండి, వెళ్ళి ఆడుకోండి" అన్నారు.

అక్కడే ఏడ్చేశాను. గీసుకున్న ముడతలన్నీ కారిపోయాయి.

రెండో నాటిక మళ్ళీ మొదటి నుంచి వేశాం. ఈసారి ప్రతి మాటకీ నవ్వారు. మూడోది అయ్యి తెర పడేసరికి గ్రీన్ రూంలో పులిహోర, బూరెలు ఉన్నాయి. ఆయన పంపించారు. పొద్దున్నుంచి టీ మీదే ఉన్నాం మేము. థ్యాంక్స్ చెబుదామని వెళ్తే ఫొటోల మధ్య ఉన్నారు, దూరం నుంచే చెయ్యి ఊపారు. సొంత కూతురి రిసెప్షన్‌లో పాటలు ఆపించి, ముక్కూ మొహం తెలియని వాళ్ళ నాటకం నిలబెట్టారండి మీరు. మీ అమ్మాయి, అల్లుడు నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలి. మీ స్టీలు గిన్నెలు కడిగి భద్రంగా పెట్టాం. ఆ పెళ్ళికి వెళ్ళినవాళ్ళెవరైనా ఇది చదివితే దయచేసి ఆయనకి చెప్పండి.

ఒక్క మాట మాత్రం అనకుండా ఉండలేను. మా దగ్గర పూర్తి అద్దె ముందే కట్టించుకున్నారు. కరెంటుకి వేరే, ఏసీకి వేరే, డిపాజిట్ వేరే. మైకు పర్మిషన్ కోసం పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగింది మేమే. అదే సాయంత్రానికి వెనక లాన్ పెళ్ళికిచ్చామని ఒక్క ముక్క చెప్పలేదు. పెళ్ళివాళ్ళకీ మా నాటకం సంగతి చెప్పలేదట. టికెట్టు లేకుండా వేసే నాటకానికి ఇంత ఖర్చు ఎన్నాళ్ళు భరించగలం? కందుకూరి విగ్రహానికి దండ వేసే పెద్దలు ఆ ఒక్క రోజైనా నాటకాలకి హాలు అద్దె తగ్గించేలా చూడొచ్చు కదా!

మా ఆయన, పిల్లలు, అత్తయ్యగారు ఎప్పట్లాగే ఇల్లు చూసుకున్నారు. వాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇంకా, రెండో నాటిక మళ్ళీ వేద్దామంటే మారు మాట్లాడకుండా లైట్లన్నీ మొదటికి సర్దిన కుర్రాడికి, నా ముడతలు మళ్ళీ గీసిన మేకప్ ఆయనకి చాలా థ్యాంక్స్. తెనాలి నుంచి వచ్చి, ఇచ్చినదానితో సరిపెట్టుకుని, తెల్లవారుజాము రైలుకి వెళ్ళిపోయిన ఆర్టిస్టు అక్కకి కూడా. సైడ్ వింగ్‌లో నిలబడి ప్రాంప్టింగ్ చెప్పిన మా మాస్టారికి కూడా.

అన్నట్టు, మూడు నాటికల్లోనూ మీరు చూసిన సోఫా మా ఎదురింటి మామ్మగారిది. అది మాకిచ్చి ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో సర్దుకుంటున్నారు. మామ్మగారూ, సాయంత్రంలోగా ట్రాలీ ఆటోలో తెచ్చేస్తాం.