గుల్లలు సిద్ధం, నీళ్ళు ఇంకా కాలేదు

పర్లాకిమిడి,
ఆదివారం

అమ్మలూ,

నీ గదిలో బల్ల మీద గాజుతొట్టె పెట్టేశాను. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నీళ్ళు 50 లీటర్లు పట్టాయి. నువ్వు ఫోన్‌లో చూపించిన, నత్తగుల్లల్లో కాపురముండే గుల్లచేపల కోసమే ఇదంతా. కానీ ఇప్పుడే కొనెయ్యకు. ఎందుకో చెప్తాను.

నీ తొమ్మిదో తరగతిలో బరంపురం నుంచి నాలుగు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చాను, గుర్తుందా? తెచ్చిన సాయంత్రమే కొత్త నీళ్ళలో వదిలేశాం. నాలుగోనాటికి ఒక్కటీ మిగల్లేదు. మేత ఎక్కువ వేశావని నిన్ను కసిరాను. తప్పు నీది కాదమ్మా, తొందరపడింది నేను. చేపల మలంనుంచి, మిగిలిన మేతనుంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని మార్చే బ్యాక్టీరియా కొత్త తొట్టెలో ఉండదు. అది పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. నిన్ను ఏడిపించిన బాధ మాత్రం ఇప్పటికీ ఉంది.

అందుకే ఈసారి చేపల్లేని తొట్టెలో రోజూ చిటికెడు మేత వేస్తున్నాను. అది కుళ్ళి అమ్మోనియా అవుతుంది, స్పాంజి ఫిల్టర్‌లో బ్యాక్టీరియా దాన్ని తిని పెరుగుతుంది. ఇవాళ్టికి 29 రోజులు. అమ్మోనియా సున్నాకి వచ్చింది. కానీ ఆ బ్యాక్టీరియా అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ చేపలకు విషమే. దాని పరీక్షలో ఇంకా ఊదారంగే తేలుతోంది, అంటే నైట్రైట్ ఇంకా పోలేదన్నమాట. మన బావినీళ్ళ పీహెచ్ 8 ఉంది, అంటే కాస్త క్షారగుణం. ఈ చేపలకు కావలసింది అలాంటి నీళ్ళే గానీ, పీహెచ్ ఎక్కువైతే అమ్మోనియా విషం ఇంకా ముదురుతుంది. అందుకే నాకింత జాగ్రత్త.

వీటి పుట్టిల్లు ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు. లోతు 1,470 మీటర్లట! నీళ్ళలో సున్నం ఎక్కువ కాబట్టి చచ్చిన నత్తల గుల్లలు తొందరగా కరగవు, అడుగున గుట్టలుగా పడి ఉంటాయి. రెండంగుళాలు కూడా ఎదగని ఈ చేపలు ఆ గుల్లల్లోనే దాక్కుంటాయి, అక్కడే గుడ్లు పెడతాయి. పిల్లలు కాస్త ఎదిగినా తల్లి గుల్లకు పక్కనే తిరుగుతాయి.

ఆ సరస్సు నత్తలు మనకెక్కడివి? వేసవిలో చెరువుగట్టున ఏరిపెట్టిన నత్తగుల్లలున్నాయిగా, వాటిలో మూతి వెడల్పుగా ఉన్నవి 18 తీశాను. లోపల ఎండిన మాంసం ఉంటే నీళ్ళు పాడవుతాయి. మరిగించి, రుద్ది, ఎండబెట్టి, ఒక్కొక్కటీ వాసన చూశాకే వేశాను. అడుగున మహేంద్రతనయ ఇసుక రెండంగుళాలు పోశాను. జల్లెడలో రెండుసార్లు పట్టి, నీళ్ళు తేరేదాకా కడిగాను. ఇసుకను నోటితో తవ్వి, ఏ గుల్లను ఎంతవరకు పూడ్చాలో అవే చూసుకుంటాయి. నేను సర్దిన వరస వాటికి నచ్చకపోవచ్చు. వాటి ఇల్లు, వాటిష్టం. గుల్లలు కావాలనే ఎక్కువ పెట్టాను, చాలకపోతే వాటిలో అవే కొట్టుకుంటాయి.

నైట్రైట్ కూడా సున్నా అయ్యాక నేను ఫోన్ చేస్తాను. అప్పుడు విశాఖలో ఆ షాపుకి వెళ్ళి ఆరు చిన్నవి తీసుకో. చిన్నప్పుడు ఆడా మగా పోల్చలేం, పెరిగాక అవే జత కడతాయి. సంచిని థర్మోకోల్ డబ్బాలో పెట్టి గుణుపురం బండి ఎక్కు. స్టేషనుకి నేనొస్తాను. ఇంటికొచ్చాక తొట్టెనీళ్ళను సన్నగొట్టంతో చుక్కచుక్కగా గంటసేపు చేపలున్న బకెట్‌లోకి పోనిద్దాం. ఆ తర్వాత నీ చేత్తోనే వదులుదువుగాని.

అమ్మ నీకు జంతికలు చేసి ఉంచింది.

నాన్న