డాలీ బైబిల్ బొమ్మలు: ‘ఒరిజినల్’ అని రాసే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో స్పెయిన్ చిత్రకారుడు సాల్వడార్ డాలీ బైబిల్ బొమ్మల మీద వచ్చిన వ్యాసం చదివాను. వ్యాసం బాగుంది గానీ అందులో నాలుగు చోట్ల ‘అరుదైన ఒరిజినల్ లిథోగ్రాఫ్’ అని రాశారు. లిథోగ్రాఫ్ అంటే నున్నటి రాయి మీద బొమ్మ గీసి, దాని మీంచి కాగితం మీదికి తీసే అచ్చు; కళాకారుడు తానే ఆ రాయి మీద గీస్తేనే దాన్ని ఒరిజినల్ అనాలి. ముప్పై రెండేళ్లు ప్రెస్సులో రోలర్ల పక్కన నిలబడినవాణ్ణి కాబట్టి ఆ మాట చూసి ఊరుకోలేక రాస్తున్నాను.

జరిగింది ఇదీ. ఇటలీలోని టూరిన్‌లో జుసెప్పే అల్బరెట్టో అని బొమ్మలు సేకరించే ఆయన ఒకాయన ఉండేవాడు. మంచి భక్తుడు. ఈ పనితోనైనా డాలీ మళ్లీ దేవుడి దారికొస్తాడేమోనని ఆశపడి, బైబిల్‌కి బొమ్మలు వెయ్యమని పట్టుబట్టాడు. 1963, 64లలో డాలీ 105 బొమ్మలు వేశాడు. నీటిరంగులు, గ్వాష్ (చిక్కటి నీటిరంగు), ఇంకు, అంతా కాగితం మీదే. రాయి ముట్టుకోలేదు. వాటిని అచ్చులోకి దించింది మిలాన్‌లో రిజోలీ ప్రచురణ సంస్థ పెట్టిన పనివాళ్లు. 1967 నుంచి 69 దాకా లాటిన్ బైబిల్ పాఠంతో కలిపి ఐదు సంపుటాలుగా వేశారు. అంటే బొమ్మ డాలీది, అచ్చు పనివాళ్లది. ఇందులో తప్పేం లేదు, మన దేవుడి గదుల్లో ఉన్న రవివర్మ లక్ష్మీదేవి పటం కూడా 1894లో బొంబాయిలో మొదలైన ఆయన ప్రెస్సు చలవే కదా, దాన్ని ఎవరైనా ‘రవివర్మ చేత్తో వేసిన ఒరిజినల్’ అంటారా?

ఇక ‘అరుదైన’ సంగతి. అతి ఖరీదైన 99 సెట్లు పక్కన పెట్టండి. దాని కింది ఎడిషనే 1,499 సెట్లు. ఒక్కో సెట్లో 105 బొమ్మలు. లెక్క వేస్తే 1,57,395 కాగితాలు! ఇప్పుడు చాలాచోట్ల ఆ సంపుటాలను విప్పేసి, కాగితానికో ఫ్రేము కట్టి విడివిడిగా అమ్ముతున్నారు. కుట్టు విప్పిన పుస్తకాన్ని చూస్తే మాలాంటివాళ్లకి కడుపులో తిప్పుతుంది, అది వేరే గొడవ.

పోయినేడు అమెరికాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఒక చర్చి హాల్లో ఈ బొమ్మలు ప్రదర్శనకీ అమ్మకానికీ పెట్టారు. చీటీ మీద అదే మాట, ఒరిజినల్. దీన్ని రాయి మీద ఎవరు గీశారమ్మా అని మావాడి చేత అడిగించాను. ఆ అమ్మాయి నవ్వి, డాలీయే అంది. పాపం ఆమెకి ఎవరు చెప్పారో! కింద ఉన్న సంతకం కూడా బొమ్మతో పాటే అచ్చయినదే, పెన్సిల్‌తో పెట్టింది కాదు. పెన్సిల్ సంతకం ఉన్నా సంబరపడక్కర్లేదు లెండి. 1974లో ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య ఉన్న చిన్న దేశం అండోరా సరిహద్దులో ఫ్రెంచి పోలీసులు ఒక వ్యాను ఆపితే అందులో డాలీ సంతకం పెట్టిన ఖాళీ కాగితాలు 40,000 దొరికాయి. తర్వాత వాటి మీద ఎవరు ఏం అచ్చేసుకున్నారో ఆ దేవుడికే తెలియాలి.

డాలీకి రాయి పని రాదని కాదు. 1956, 57లలో డాన్ కిహోటే అనే పాత స్పానిష్ నవలకి బొమ్మలు వేసినప్పుడు పాతకాలం తుపాకీలో ఇంకు నింపిన గుళ్లు పెట్టి నేరుగా లిథో రాయి మీదికే పేల్చాడు, ఆ మరకల్లోంచే బొమ్మలు తీశాడు. పిచ్చి పని అనండి, కానీ అది రాయి మీద చేసిన పని. నూనె ఇంకు, నీళ్లు కలవవు అన్న ఒక్క సూత్రం మీద నడిచే విద్యని అంత చిలిపిగా వాడినవాడు నాకు ఇంకొకడు కనపడలేదు. ఆ తేడా మీ వ్యాసంలో ఒక్క వాక్యంలో చెప్పినా సరిపోయేది.

వ్యాసం చూసి ఇవి పరిశుద్ధ గ్రంథానికి అవమానం అని రాసిన పాఠకుడికి కూడా ఒక మాట. నేను ఆ హాల్లో గంటన్నర ఉన్నాను. రంగు మరకల్లోంచి మనుషులు, దేవదూతలు సగం సగం బయటికొస్తున్నట్టు ఉంటాయి, కొన్ని అర్థం కాలేదు, కొన్ని నచ్చలేదు కూడా. కానీ వెటకారం మాత్రం ఎక్కడా కనపడలేదు. కోప్పడాల్సింది బొమ్మ మీద కాదు, పక్కనున్న చీటీ మీద.

కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాల్లో ఇలాంటి ప్రింట్లు అమ్మేవాళ్లు అది ఎలా తయారైంది, ఎన్ని కాపీలు వేశారు అన్నవి కాగితం మీద రాసివ్వాలని చట్టమే ఉంది. మన దగ్గర కొనేవాళ్లూ అడిగి రాయించుకోవాలి. మీరు మాత్రం వచ్చే ఆదివారం ఒక చిన్న సవరణ వెయ్యండి. వాక్యం నేనే రాసిస్తాను: ‘ఇవి డాలీ కాగితం మీద వేసిన బొమ్మలను చూసి మిలాన్‌లో అచ్చు పనివాళ్లు తయారుచేసిన ప్రింట్లు, ఒక్క ఎడిషన్‌లోనే 1,499 సెట్లు వేశారు.’

ఇట్లు,
ఒక రిటైర్డ్ ప్రెస్ కార్మికుడు,
విజయవాడ