మీ జపనీస్ పుస్తకంలో దీర్ఘాల తప్పుల గురించి ఫిర్యాదు

విజయవాడ

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

నమస్కారం. మార్చి నెలాఖర్లో నేనూ మా ఆవిడా జపాన్ వెళ్ళాం. మా మేనల్లుడు టోక్యోలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి దొరికింది నాలుగు రోజుల సెలవే, మిగతా రోజులు మేమిద్దరమే తిరగాలి. అందుకని ఫిబ్రవరిలో మీ పదిహేను రోజుల జపనీస్ కోర్సు 1,499 రూపాయలు పెట్టి కొన్నాను. 64 పేజీల పుస్తకం, ఫోన్‌లో వినే ఆడియో పాఠాలు ఇచ్చారు. తెలుగులోనే నేర్పిస్తామన్నారని కొన్నాను.

నేను ముప్పై ఏళ్ళుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాను. దీర్ఘం పోయినా, లేనిచోట వచ్చినా నాకు అన్నంలో రాయి తగిలినట్టే. అయినా తెలియని భాష కదా, మీరు వేసిందే కరెక్టనుకొని బట్టీ పట్టాను. ఆడియోలో అమ్మాయి పలికేది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఇంకొకటి. మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘పుస్తకమే ఫాలో అవండి సార్’ అన్నారు. అయ్యాను.

క్యోటోలో ఒక చిన్న నూడుల్స్ కొట్టు. వడ్డించే ఆవిడకు నలభై అయిదేళ్ళుంటాయేమో. మీ 22వ పేజీలో ‘పిన్ని, అత్త, ఆంటీ: ఓబాసాన్’ అని ఉంది. మనం ‘అమ్మా’ అని పిలిచినట్టే కాబోలని మర్యాదగా ‘ఓబాసాన్’ అన్నాను. ఆవిడ చేతిలో నీళ్ళ జగ్గు అలాగే ఆగిపోయింది. పక్క బల్ల దగ్గర కుర్రాడు గిన్నెలోకి తల వంచుకొని నవ్వుకున్నాడు. రాత్రి ఫోన్లో మేనల్లుడు చెప్పాడు, పిన్ని వరసైతే ‘ఒబసన్’ అట, ‘బ’కు దీర్ఘమిస్తే బామ్మ. ‘అసలు కొత్తవాళ్ళని ఆ రెండూ అనకు మామయ్యా, సుమిమసెన్ అంటే చాలు, వచ్చేస్తారు’ అన్నాడు. ఆ సుమిమసెన్ మీ పుస్తకంలో 51వ పేజీలో ‘క్షమించండి’ అన్న ఒక్క అర్థంతోనే ఉంది.

జపనీస్‌లో ‘కొకొ’ అంటే ఇక్కడ, ‘కోకో’ అంటే హైస్కూలు. ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపించడానికి మన లిపిలో అక్షరాలున్నాయి, హిందీకి ఆ సౌకర్యం లేదు. మీది హిందీ పుస్తకం నుంచి దించిందని నా అనుమానం, 9వ పేజీలో ‘కృపయా’ అన్న మాట అలాగే మిగిలిపోయింది మరి. అందుకే టాక్సీ ఆపమనడానికి ‘కోకో దే తోమేతే కుదాసాయ్’ అని వేశారు. ‘కొకొ దె తొమెతె కుదసాయ్’ అని వెయ్యడానికి మనకు ఏ అక్షరం తక్కువైంది? నేను చేత్తో కూడా చూపించాను కాబట్టి బండి ఆగింది. ఇక స్టేషన్ ఎక్కడ అనడానికి ‘ఏకీ హా దోకో దేసూ కా’ అట. అక్కడ రాయడం ‘హ’ అని రాసినా పలకడం ‘వ’ అనే పలుకుతారు, ‘దెసు’ చివరి ఉకారం దాదాపు వినపడదు. ‘ఎకి వ దొకొ దెస్ క’ అని అడిగాక గానీ జనం దారి చూపించలేదు.

ఇవన్నీ నవ్వుకొని వదిలేస్తాను. తిండి సంగతి మాత్రం వదల్లేను. మా ఆవిడ చేప, మాంసం ముట్టదు. దానికి మీరిచ్చింది ‘నేను శాకాహారిని’ అనే ఒక్క ముక్క. అది చెప్పి వేయించిన టోఫు (సోయా పనీర్) తెప్పించుకున్నాం. పైన పల్చటి పొరలు వేడికి అల్లల్లాడుతున్నాయి. ఉల్లిపొట్టు అనుకుంది పాపం. సగం తిన్నాక తెలిసింది, అది ‘కత్సుఒబుషి’, గట్టిగా ఎండబెట్టిన చేపను చిత్రిక పట్టిన పొట్టు. అది తీసేసినా లాభం లేదు, కింద రసం కూడా చేపతో తీసిన ‘దషి’తో చేసిందే. మిసో సూప్‌లోనూ, నూడుల్స్ పులుసులోనూ చాలాచోట్ల అదే. ‘నికు మొ సకన మొ తబెమసెన్. సకన నొ దషి మొ దమె దెస్.’ మాంసం, చేప తినం, చేప దషి కూడా పనికిరాదు అని. ఈ రెండు ముక్కలు మొదటి పేజీలో వెయ్యాల్సింది పోయి సుమో కుస్తీకి మూడు పేజీలిచ్చారు. ఆ రాత్రి నుంచి ఆవిడకు అరటిపళ్ళు, మేం తీసుకెళ్ళిన అటుకులే దిక్కయ్యాయి.

‘ఎంత’ అని అడగడం నేర్పి, అంకెలు వందతో ఆపేశారు. నాకు వచ్చిన బిల్లుల్లో వంద యెన్‌ల లోపు ఒక్కటీ లేదు. కౌంటర్లో వాళ్ళడిగే ‘ఫుకురొ’ అంటే సంచి అనీ, 2020 జులై నుంచి ప్లాస్టిక్ సంచికి విడిగా డబ్బు తీసుకుంటున్నారనీ మీరు చెప్పలేదు. అన్నిటికీ ‘హాయ్, హాయ్’ (అవును, అవును) అంటూ తలూపి రోజుకో సంచి కొన్నాను.

వచ్చాక మీకు మెయిల్ పెడితే, ప్రాంతాన్ని బట్టి ఉచ్చారణ మారుతుందని జవాబిచ్చారు. పిన్ని బామ్మ అయ్యే ప్రాంతం ఏదో చెప్పలేదు. ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదును నెలలోగా పరిష్కరించాలి, ఆ గడువు దాటింది. నా 1,499 రూపాయలు వాపసు చెయ్యండి. పుస్తకం కొన్న మిగతావాళ్ళకు తప్పొప్పుల పట్టిక పంపండి. వారంలో జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను.

రసీదుతో పాటు మొదటి 12 పేజీలు మేనల్లుడి సాయంతో ఎర్ర సిరాతో దిద్ది జత చేశాను. ప్రూఫు చార్జీ వెయ్యలేదు.

ఇట్లు,
మీ కోర్సు కొన్న ప్రూఫ్‌రీడర్