ఇకపై బానెట్ కొలత తీసుకున్నాకే బాక్సు

విజయవాడ ఆటోనగర్‌లోని మా వర్క్‌షాప్‌లో కోల్డ్ ఎయిర్ బాక్సు (ఇంజన్ వేడిగాలి తగలకుండా ఎయిర్ ఫిల్టర్ చుట్టూ కట్టే పెట్టె) చేయించుకున్నవారికీ, ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవారికీ ఈ కబురు. ఇకపై మీ కారు బానెట్ కొలత లేకుండా ఏ బాక్సూ ఇవ్వము. ధర 850 రూపాయలు పెరుగుతుంది. పని కాస్త ఆలస్యమవుతుంది కూడా. కారణం వివరంగా చెప్పడం నా బాధ్యత.

మేము చేసే బాక్సుకు విడిగా మూత ఉండదు. అల్యూమినియం రేకుతో అడుగు, గోడలు కడతాం. బానెట్ మూస్తే అదే మూత. గోడల పై అంచుకూ బానెట్‌కూ మధ్య సందు మిగిలితే రేడియేటర్ దాటి వచ్చిన వేడిగాలి తిన్నగా ఫిల్టర్‌లోకి పోతుంది. 30 డిగ్రీల గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే దాని సాంద్రత సుమారు 9 శాతం పడిపోతుంది. ఇంజన్‌కు అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. చాలా కార్లలో కంపెనీ బిగించిన బాక్సు గట్టి మూతతో, ముందు గ్రిల్ దగ్గరి గాలినే తీసుకుంటుంది. సందు వదిలిన బాక్సు దానికన్నా అధ్వానం. డబ్బు పెట్టి మరీ అలాంటిది బిగించుకోవద్దు.

బానెట్ లోపలి రేకు చదునుగా ఉండదు. బలం కోసం నొక్కిన గట్లు, పల్లాలు, మధ్యమధ్య రంధ్రాలు ఉంటాయి. అందుకే పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తని క్లేను చిన్న ముద్దలుగా చేసి బాక్సు అంచు పొడవునా పెడతాం. అంటుకోకుండా పైన పలుచని ప్లాస్టిక్ కాగితం పరిచి, గడియ పడేదాకా బానెట్ మూసి తెరుస్తాం. ఒక మూల ముద్ద 8 మిల్లీమీటర్లకు నలిగితే, జానెడు దూరంలో 19 దగ్గరే ఆగిపోతుంది. మొదటిచోట అంచు కోయాలి, రెండోచోట ఎత్తు పెంచాలి. అంచుకు తొడిగే 15 మిల్లీమీటర్ల గొట్టం రబ్బరు బానెట్ మూసినప్పుడు 10కి నలిగేలా అంచంతా సరిచేస్తాం. అంతకన్నా బిగిస్తే బానెట్ ఒక పక్క పైకి లేస్తుంది, గడియ మీద భారం పడుతుంది. వదులైతే కుదుపులకే సందు తెరుచుకుంటుంది. గోడ సరిగ్గా బానెట్ కింద వేడి, చప్పుడు ఆపేందుకు బిగించిన అట్ట దగ్గరకు వస్తే గోడను పక్కకు జరిపి ఉత్త రేకు మీద ఆనిస్తాం. మెత్తని అట్ట గాలిని ఆపలేదు.

తలుపు సందులకు అంటించే స్పాంజి పట్టీతో చవకగా చేయమని కొందరు అడుగుతున్నారు. అది చేయను. ఇంజన్ వేడికి స్పాంజి పొడిపొడిగా రాలి ఫిల్టర్ మీదే పడుతుంది. మేము వాడేది ఈపీడీఎం రబ్బరు. కారు తలుపుల బీడింగులు కూడా ఎక్కువగా దానితోనే చేస్తారు. లోపల ఇనుప పట్టీ ఉంటుంది కనుక రేకు అంచును తానే గట్టిగా పట్టుకుంటుంది, జిగురు అక్కర్లేదు. ఎండకూ వేడికీ బాగా నిలుస్తుంది గానీ డీజిల్, పెట్రోల్, ఇంజన్ ఆయిల్ తగిలితే ఉబ్బిపోతుంది. దయచేసి సర్వీసింగ్‌లో దాన్ని డీజిల్ గుడ్డతో తుడవనివ్వకండి. సబ్బునీళ్లు చాలు.

1.2 లీటర్ల పెట్రోల్ కారు దీనితో ఒక్కసారిగా దూసుకుపోతుందని ఎవరికీ చెప్పను. మే నెల ఎండలో కూడా ఇంజన్‌కు బయటి గాలే అందాలన్నది నా పట్టుదల. ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్ రీడింగులు చూపే పరికరం) ఉంటే హైవే మీద చూడండి: లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత బయటి ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉండాలి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెరగడం మామూలే. కదిలాక దిగకపోతే సందు ఉందేమో వెతకాలి.

ఇప్పటికే బాక్సు ఉన్నవారు రబ్బరు మీద సుద్ద రుద్ది, బానెట్ మూసి తెరవండి. రేకు మీద తెల్లగీత ఎక్కడా తెగకుండా పడాలి. తెగితే కారు తీసుకురండి. రబ్బరు ఖరీదు మాత్రమే తీసుకుని సరిచేస్తాం. కంపెనీ బాక్సును పారేయకండి, వారంటీ పనికి వెళ్లేటప్పుడు అవసరం పడవచ్చు.

కొరియర్‌లో కావాలనేవారికి ముందుగా అట్టతో చేసిన నమూనా బాక్సు, క్లే పంపిస్తాం. మీరు బానెట్ మూసి తెరిచి, నలిగిన ముద్దలను ఉన్నవి ఉన్నట్టే వరుస నంబర్లు వేసి గట్టి డబ్బాలో తిప్పి పంపాలి. ఫొటోలు చూసి ఎత్తు చెప్పడం కుదరదు.