రాత్రి బండి నడపడం ఎవరు నేర్పుతారు?

సంపాదకుడు గారికి,

'ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు' అన్న వార్త పత్రికలో కనబడితే నేను మొదట చూసేది కారు నడిపినవాడి వయసు. ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు స్టీరింగ్ పట్టినవాణ్ణి కాబట్టి ఆ అలవాటు పోలేదు.

నా మనవరాలికి 19 ఏళ్లు. ఈమధ్యే కారు లైసెన్స్ వచ్చింది. డ్రైవింగ్ స్కూల్ వాళ్లు పదిహేను రోజులు పొద్దున్నే అరగంట చొప్పున తిప్పారు. డబుల్ కంట్రోల్ బండి, బ్రేకు మీద ఎప్పుడూ మాస్టారి కాలే. మూడో గేరు దాటలేదు, ఒక్కసారైనా చీకట్లో నడపలేదు. టెస్టు రోజు ట్రాక్ మీద బండి వెనక్కి తీసింది, పాసైంది.

పోయిన నెల కోదాడలో పెళ్లికి వెళ్లి రాత్రి సూర్యాపేటకు వస్తుంటే "తాతా, నేను నడుపుతా" అంది. పక్కన కూర్చున్నాను. అవతలి రోడ్డు మీద బస్సు హైబీమ్ కళ్లలో పడగానే పిల్ల ఆ వెలుగులోకే చూసింది. కొత్తవాళ్లందరూ చేసేది ఇదే. చూపు ఎడమ అంచు గీత మీదికి తిప్పి, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కళ్లు కుదుటపడేసరికి ఎదురుగా వెనక లైటు లేని వడ్ల ట్రాక్టర్. "బ్రేకూ!" అని అరిచాను. ఆగింది. ఇంటికి చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

కారు నేర్పడానికి కనీసం 21 రోజులు, పది గంటల డ్రైవింగ్ ఉండాలని 1989 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. 2021లో వచ్చిన గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పద్ధతిలోనైతే 29 గంటలు, అందులో 21 గంటలు బండి మీదే. కాగితం మీద బాగానే ఉంది. మా పిల్లలు చేరేది మాత్రం పక్క సందులోని స్కూల్లో. ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజులకే పర్మనెంట్ లైసెన్స్ టెస్టుకు వెళ్లొచ్చు.

సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో 25 ఏళ్లలోపు వాళ్లు పెద్దవాళ్లను పక్కన పెట్టుకుని 120 గంటలు నడిపి లాగ్‌బుక్‌లో రాయాలి. అందులో 20 గంటలు రాత్రిపూటవి. మనకు అంత వద్దు. టెస్టుకు ముందు పది గంటలు చీకట్లో, హైవే మీద నడిపినట్టు ఒక పుస్తకం అడగమంటున్నాను. లైసెన్స్ ఉన్నవాళ్లు నేర్పిస్తూ పక్కనుంటే ఎల్ బోర్డుతో నడపడానికి ఇప్పుడూ అడ్డు లేదు. తండ్రులు దొంగ లెక్కలు రాస్తారంటారా? కొందరు రాస్తారు. బిడ్డ ప్రాణం కదా, అందరూ రాయరు.

మా ఇంట్లో పుస్తకం మొదలైంది. రాత్రి గడిలో నాలుగు గంటలు పడ్డాయి. వాన గడి ఇంకా ఖాళీ, తొలకరి కోసం చూస్తున్నాం.

– విశ్రాంత ఆర్టీసీ డ్రైవర్, సూర్యాపేట