ప్యాకెట్ మీద 'మిల్లెట్' అని ఉంటే సరిపోదు

సంపాదకులకు,

చోళ్లు (రాగులు), సామలు, గంటెల (సజ్జల) గొప్పతనం గురించి మీ పత్రికలో తరచూ వ్యాసాలు వస్తున్నాయి. మంచిదే. అయితే అవి చదివిన తల్లిదండ్రుల్లో సీలియాక్ జబ్బున్న (గోధుమలాంటి ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని) పిల్లల వాళ్లూ ఉంటారు. చోళ్లలో గ్లూటెన్ ఉండదు కదా అని వాళ్లు నేరుగా దుకాణానికి వెళ్లి రాగి బిస్కెట్లు కొనుక్కొస్తున్నారు. ఆ ప్యాకెట్ వెనక్కి తిప్పితే చాలాసార్లు మొదటి పదార్థం గోధుమపిండో, మైదానో ఉంటుంది. చోడిపిండి మూడోదో నాలుగోదో. పదార్థాలను బరువు వరసలో, ఎక్కువదాన్ని ముందుగా రాయాలన్నది నిబంధన. పేరులో రాగి అని గొప్పగా చెప్పుకుంటే అది నూటికి ఎంత వేశారో కూడా రాయాలి. రాగి సేమియా సంగతీ ఇంతే. రంగు చోళ్లది, సాగే గుణం గోధుమది.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ తిండి ఏర్పాట్లు చూసుకునే కొన్ని కుటుంబాల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాం. పెద్ద నగరాల్లోలా ఇక్కడ గ్లూటెన్ ఫ్రీ అని బోర్డు పెట్టిన అర ఉండదు. అలాగని దొరకదనీ కాదు. ఏది కొనాలో, ఎక్కడ మోసపోతామో తెలియాలి.

ముందుగా ఒక మాట. పిల్లవాడు ఎదగడం లేదు, రక్తం పట్టడం లేదు, విరేచనాలు తగ్గడం లేదు అని అనుమానం రాగానే గోధుమ మాన్పించేయకండి. గోధుమ తింటూ ఉండగానే రక్తపరీక్ష చేయించాలి. ముందే మానేస్తే జబ్బున్నా పరీక్షలో బయటపడకపోవచ్చు. జబ్బు ఖాయమయ్యాక మాత్రం 'పండగపూట కొంచెం తింటే ఏమవుతుందిలే' అనే మాటకు తావు లేదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. పైకి కడుపునొప్పి లేనంత మాత్రాన లోపల ఏమీ జరగనట్టు కాదు.

ఎంత అంటే ఎంత? మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) నిబంధన ప్రకారం కిలో ఆహారంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు దాటకపోతేనే గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలి. గోధుమపిండిలో నూటికి సుమారు 8 వంతులు గ్లూటెనే. అంటే ఒక్క గ్రాము గోధుమపిండిలో దాదాపు 80 మిల్లీగ్రాములు. కిలో చోడిపిండిలో ఆ ఒక్క గ్రాము కలిస్తే హద్దుకు నాలుగింతలు దాటినట్టే. ఇప్పుడు మీ వీధిలోని పిండిమర తలుచుకోండి. గోధుమలు ఆడించిన వెంటనే మన అయిదు కిలోల చోళ్లు పోస్తే రాళ్ల మధ్య, గొట్టంలో, గుడ్డసంచిలో మిగిలిపోయిన పిండి ఒక్క గ్రామేనా? గుప్పెడు ఉంటుంది. మొదట పడ్డ కిలో పిండి పారబోస్తే చాలని కొందరంటారు. చాలదు. ఆ సంచి దులిపినా పోదు. బియ్యం మాత్రమే ఆడే మర దొరికితే అక్కడ, లేదంటే ఇంట్లో మిక్సీలోనే పట్టుకోవాలి. గింజలుగా కొని, చాటలో పోసి గోధుమగింజలు, రాళ్లు ఏరి, కడిగి, నీడన ఆరబెట్టి పట్టుకుంటే ఖర్చూ తక్కువ, నమ్మకమూ ఎక్కువ. గంటెల పిండి మాత్రం వారం పదిరోజులకే చేదెక్కుతుంది. అందులోని నూనె త్వరగా చెడుతుంది. కొంచెం కొంచెంగానే పట్టుకోవాలి. ప్యాకెట్‌లో కొంటే ప్యాకింగ్ తేదీ చూడాలి.

ప్యాకెట్ చదవడం దగ్గరికి వద్దాం. వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు, తెలుగో ఒడియానో ఉండాలన్న నియమం లేదు. అందుకే ఇంట్లో పెద్దవాళ్లు బొమ్మ చూసి కొంటారు. వాళ్లకు రెండు గుర్తులు నేర్పితే సగం పని అయినట్టే. పదార్థాల జాబితా చివర 'కంటెయిన్స్' అన్న మాట పక్కన 'వీట్', 'బార్లీ', 'గ్లూటెన్' ఉంటే ఆ ప్యాకెట్ అక్కడే పెట్టేయాలి. ఎలర్జీ తెప్పించే పదార్థాలను ఇలా విడిగా చెప్పాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. 'మే కంటెయిన్ వీట్' అంటే వంటకంలో గోధుమ లేదు గానీ అదే ఫ్యాక్టరీలో గోధుమ తిరుగుతోందని అర్థం. సీలియాక్ ఉన్నవాళ్లు అదీ వదిలేయడమే మేలు. ఈ మాటలేవీ లేకపోయినా చిన్న తయారీదారుల సరుకును పూర్తిగా నమ్మలేం.

'మైదా లేదు' అన్న బిస్కెట్లు మనవాళ్లను ఎక్కువగా ముంచుతున్నాయి. మైదా లేదంటే గోధుమ లేదని కాదు, పొట్టుతో కూడిన గోధుమపిండి వేశారని. మైదా కూడా గోధుమదేనని తెలియనివాళ్లు ఇంకా ఉన్నారు. మల్టీగ్రెయిన్, డైజెస్టివ్, షుగర్ ఫ్రీ, ఇవేవీ గ్లూటెన్ ఫ్రీతో చుట్టాలు కావు. ఆకుపచ్చ చుక్కకూ గోధుమకూ సంబంధం లేదు. ఒకే పేరున్న సరుకైనా పది రూపాయల ప్యాకెట్ ఒక ఫ్యాక్టరీలో, పెద్ద ప్యాకెట్ మరో ఫ్యాక్టరీలో తయారు కావచ్చు. పోయిన నెల చదివాం కదా అని ఊరుకోకూడదు.

కనబడకుండా వచ్చేవాటిలో మొదటిది ఇంగువ. అంగట్లో దొరికే ఇంగువపొడి అచ్చమైన ఇంగువ కాదు. జిగురు, పిండి కలిపిన ఇంగువ. ఆ పిండి చాలావాటిలో గోధుమదే. ముద్ద ఇంగువైనా డబ్బా మీద చదవాల్సిందే. బియ్యప్పిండి కలిపినవీ దొరుకుతాయి, అడిగి తెప్పించుకోవాలి. ఇంగువ చూశాక సాంబారు పొడి, రసం పొడి, అప్పడాలు, జంతికలు, ఇంగువ మాగాయ అన్నీ మళ్లీ చూడాలి. బరంపురం అప్పడాలకు పెట్టింది పేరు. మినప్పిండితో చేసిన అప్పడంలో అసలు తంటా ఉండకూడదు గానీ ఇంగువ ఏది వేశారో, ఒత్తేటప్పుడు ఏ పిండి చల్లారో అడగాలి. తరవాత మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం, ఎక్కువగా బార్లీ. హార్లిక్స్‌లో గోధుమ, బార్లీ రెండూ ఉన్నాయి. కార్న్‌ఫ్లేక్స్ మొక్కజొన్నవే అయినా చాలావాటిలో రుచికి బార్లీ మాల్ట్ వేస్తారు. మొలకెత్తిన చోళ్లతో ఇంట్లో చేసే రాగిమాల్ట్‌కు ఆ బెడద లేదు. జ్వరం వస్తే మనం కాచిపోసే బార్లీ నీళ్లు మాత్రం ఈ పిల్లలకు పనికిరావు. ఆ స్థానంలో సగ్గుబియ్యం జావ ఇవ్వండి. నూడుల్స్ బండి దగ్గర వాడే సోయాసాస్‌లో సాధారణంగా గోధుమ ఉంటుంది. మామూలు ఓట్స్ పొలంలోనూ మిల్లులోనూ గోధుమతో కలుస్తాయి. గ్లూటెన్ ఫ్రీ అని రాసినవే కొనాలి. అవీ అందరికీ పడవు.

ఇక పిల్లలు అడిగేది మిఠాయిలు. రెండు రాష్ట్రాల మధ్య ఉన్నందుకు రెండు వైపుల మిఠాయిలూ మనకు దొరుకుతాయి, రెండు వైపుల చిక్కులూ ఉంటాయి. ఒడియావాళ్ల ఛెనాపోడ పాలవిరుగుడుతోనే చేస్తారనుకుంటాం గానీ అందులో గోధుమతో చేసే బొంబాయి రవ్వ వేయడం మామూలే. ఛెనాగజలోనూ అంతే. రసగుల్లా విరిగిపోకుండా కొందరు చెంచాడు రవ్వో మైదానో కలుపుతారు. కాకరాపిఠాకు కొన్నిచోట్ల రవ్వ, కొన్నిచోట్ల బియ్యప్పిండి. ఖాజా సంగతి అడగక్కర్లేదు, మైదానే. మనవైపు కాజాలు, కజ్జికాయలు, బొబ్బట్లు, జిలేబీ వద్దు. జాంగ్రీ మినప్పిండిది గనక తినొచ్చు అనుకుంటే, చాలా దుకాణాల్లో జిలేబీ వేసిన మూకుడులోనే దాన్నీ వేస్తారు. నూనె ఒకటే అయితే పిండి ఏదైనా ఒకటే. శనగపిండి బూందీ లడ్డుకూ ఈ ఇబ్బంది ఉంది.

నూనెలో వేయనివి ఎంచుకుంటే పని సులువవుతుంది. పూతరేకులు, సున్నుండలు, నువ్వుండలు, పల్లీ పట్టీ. పాతపద్ధతి పూతరేకుల్లో సాధారణంగా బియ్యం, నెయ్యి, బెల్లమో పంచదారో ఉంటాయి. పైన మాల్ట్ పొడి చల్లిన కొత్తరకాలు వద్దు. సున్నుండలకు మినుములు ఎక్కడ ఆడించారో అడగండి. అరిసెలు వేయించేవే అయినా, వాటికే వేరే మూకుడు పెట్టేవాళ్ల దగ్గర కొనొచ్చు. పాలకోవా మీద అనుమానం ఉంటే చిన్నముక్క నీళ్లలో మరిగించి, చల్లార్చి, రెండు మూడు చుక్కల టింక్చర్ అయోడిన్ వేయండి. నీలం రంగు తిరిగితే పిండి కలిసినట్టే. అది గోధుమో మరొకటో ఈ పరీక్ష చెప్పదు, రవంత కలిస్తే పట్టుకోనూ లేదు. అయినా పిండి కలిపే దుకాణం ఏదో తేలిపోతుంది. పలాస జీడిపప్పు మామూలుగా వేయించిందైతే భేషుగ్గా తినొచ్చు. మసాలా పూసిందైతే పూతలో ఏముందో చదవాలి. ముఢి, అదే మన మరమరాలు, ఒట్టివి కొని ఇంట్లో తాలింపు వేసుకోవాలి.

దసరా నవరాత్రుల ముందు మార్వాడీ దుకాణాలకు వెళ్లండి. ఉపవాసం సరుకులకు అక్కడ వేరే అర పెడతారు. రాజ్‌గీరా (తోటకూర జాతి గింజల) లడ్డూలు, సగ్గుబియ్యం చివడా, సింఘాడా (నీటిలో పెరిగే కాయ) పిండి, కుట్టు పిండి (బక్‌వీట్ అంటారు, గోధుమ కాదు), ఊదలు. ఉపవాసంలో గోధుమ తినరు గనక వీటిని గోధుమ లేకుండానే తయారుచేస్తారు. ఏడాది మొత్తంలో మన పిల్లలకు ఇన్ని రకాలు ఒకేచోట దొరికేది అప్పుడే. కుట్టు పిండి మాత్రం పాతది కొనకుండా, చిల్లరగా కాకుండా కొత్త సీలు ప్యాకెట్ తీసుకోండి. పండగ అయిపోయాక మిగిలింది చవగ్గా ఇస్తామన్నా వద్దు.

గ్లూటెన్ ఫ్రీ ఆటా కొన్నవాళ్లు చపాతీ రాలేదని తిరిగి ఇచ్చేస్తుంటారు. పిండి తప్పు కాదు, కలిపే పద్ధతి తప్పు. గ్లూటెన్ లేని పిండికి చన్నీళ్లతో సాగుడు రాదు. కప్పు పిండికి చెంచా ఇసబ్‌గోల్ పొట్టు కలిపి, కప్పుకు కాస్త తక్కువగా మరిగే నీళ్లు పోసి, గరిటెతో తిప్పి, పది నిమిషాలు మూత పెట్టాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడే మెదిపి, రెండు ప్లాస్టిక్ కాగితాల మధ్య ఒత్తి కాల్చాలి. వేడిగా ఉండగా తినాలి, మధ్యాహ్నం డబ్బాకు పనికిరాదు. రొట్టెముక్కలు చల్లారితే ఇసకలా రాలతాయి, పెనం మీద వెచ్చబెడితే మెత్తబడతాయి. ఇలాంటివాటిలో బియ్యం, కర్రపెండలం పిండి ఎక్కువ, పీచు తక్కువ. రోజూ తినే తిండిగా అన్నం, పప్పు, జొన్నరొట్టె, చోడంబలి ఉండనీయండి.

అంగన్‌వాడీ సరుకు గురించి కూడా చెప్పాలి. ఒడిశాలో ఇచ్చే ఛతువాలో గోధుమలు, శనగలు, పల్లీలు, చక్కెర ఉంటాయి. ఆంధ్రా వైపు బాలామృతంలోనూ గోధుమ ఉంది. బలానికని పెడితే సీలియాక్ ఉన్న పసివాడికి అదే విషమవుతుంది. అలాంటి పిల్లలకు డాక్టరు చీటీ చూపిస్తే గోధుమ లేని ప్రత్యామ్నాయం ఇచ్చేలా రెండు ప్రభుత్వాలూ ఏర్పాటు చెయ్యాలి.

ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో మొదలైన దగ్గర్నుంచి మా జిల్లాల్లో మహిళా సంఘాలు చోళ్ల లడ్డూలు, మిక్చరు, బిస్కెట్లు చేసి అమ్ముతున్నాయి. వాటి రుచికి వంక పెట్టలేం. ఆ అక్కచెల్లెళ్లకు మా విన్నపం: గోధుమ కలిపితే కలిపామని ఒడియాలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలతో రాయండి. కలపనివాటికి వేరే మర, వేరే జల్లెడ, వేరే మూకుడు పెట్టండి. వారంలో ఒకరోజు, మర పూర్తిగా కడిగి ఆరబెట్టాక మొదటి వాయిగా గోధుమ లేనివి చేసినా ఇప్పటికంటే నయమే. అయితే పరీక్ష చేయించకుండా గ్లూటెన్ ఫ్రీ అని మాత్రం రాయకండి. మిఠాయి దుకాణాలవాళ్లు విడి మిఠాయిల ట్రే ముందు ఎప్పటిలోగా తినాలో తేదీ రాస్తున్నారు కదా, అదే చీటీ మీద 'రవ్వ ఉంది', 'మైదా ఉంది' అని రెండు మాటలు చేరిస్తే పోయేదేమీ లేదు.

కిరాణా వ్యాపారులకు మరో మాట. గ్లూటెన్ ఫ్రీ సరుకు పెడితే పై అరలో పెట్టండి, విడి గోధుమపిండి బస్తాల కింద కాదు. చిల్లరగా విప్పి అమ్మకండి, ఎందుకంటే మీ దగ్గర తూచే చేట ఒక్కటే. ఈ సరుకు మెల్లగా కదులుతుంది, గడువు దాటిపోతుందని మీ భయం. మాలాంటి నాలుగైదు కుటుంబాల పేర్లు రాసుకుని నెలకోసారి పెట్టె లెక్కన తెప్పిస్తే ఆ భయమూ ఉండదు.

గ్లూటెన్ ఫ్రీ అని రాసి గోధుమ కలిపిన సరుకు చేతికొస్తే ప్యాకెట్ పారేయకండి. బ్యాచ్ నంబరు, పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు, తయారీ తేదీ కనబడేలా ఫొటో తీసి, బిల్లు జతచేసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి. మిగిలిన సరుకును సీలు చేసి దాచండి, పరీక్షకు అదే కావాలి.

ఇట్లు,
సీలియాక్ పిల్లల కుటుంబాల తరఫున,
బరంపురం, గంజాం జిల్లా